కత్తి వాటా

నా చిన్నప్పుడు మా ఊళ్ళో అడవిపందిని కొడితే మాంసం పంచడానికి ఒక కట్టుబాటు ఉండేది. వేటకు మనిషిని పంపిన ఇంటికి ఒక వాటా. కుక్కను పంపిన ఇంటికి ఒక వాటా. పంది కడుపు కోసిన కత్తి ఎవరిదో ఆ ఇంటికి మాత్రం అందరికంటే పెద్దగా, వెనక తొడా కార్జమూ కలిపి, కత్తి వాటా. ఈ మూడింటిలో ఏదీ పంపలేనివాళ్ళు పక్కింటి పొయ్యి మీద ఉడికే కూర వాసన పీల్చుకుంటూ, సంకటిలోకి ఊరిబిండి పచ్చడి నంజుకుని పడుకోవాల్సిందే. ఇప్పుడు పంది మీద చెయ్యి వేయాలంటే ఫారెస్టువాళ్ళ అనుమతి కావాలంటున్నారు. అప్పట్లో మమ్మల్ని అడ్డుకునేవాళ్ళు లేరు, మా చేను కాపాడేవాళ్ళూ లేరు.

మాది ఉరవకొండ సంతకు పొద్దున్నే బయలుదేరితే ఎండ ఎక్కేలోపల నడిచిపోగలిగే ఊరు. ఎర్రనేల, అందులో సగం రాళ్ళు. నేను చెప్పబోయే ఏడు విత్తనానికి సరిపడా వాన ఒకటి కురిసి, మళ్ళీ మొహం చూపించలేదు. శెనక్కాయ చెట్టు జానెడు కూడా లేవలేదు. మా నాయన బావి తవ్వుతుంటే రాయి జారి కాలు విరిగింది, వెదురుబద్దలు పెట్టి కట్టిన కాలితో మంచంలో ఉన్నాడు. అమ్మ కూలికి పోయేది. నన్ను మూడో తరగతితో బడి మాన్పించి మేకల వెంట పంపారు. ఇంటిని నడిపింది మా జేజి, అంటే మా నాయన తల్లి. కీళ్ళ దగ్గర ముడులు పడి వంకర తిరిగిన వేళ్ళతోనే ఆమె పొయ్యిలో కాలిన కట్టెను ఆర్పి బొగ్గు చేసేది, ఆ బొగ్గును మళ్ళీ మండించేది. మా ఇంట్లో కుక్క ఎందుకు లేదంటే, దానికి పెట్టే సంకటి దండగని ఆమె ఏనాడూ పెంచనివ్వలేదు.

కాయ ముదిరే సమయానికి పందులు వచ్చి పడ్డాయి. ఒక్క రాత్రిలో మా చేనులో సాళ్ళకు సాళ్ళు పెళ్ళగించి పోయాయి. తెల్లవారి మా జేజి జల్లెడ తీసుకుని పోయి, పంది నమిలి ఉమ్మిన మట్టిని జల్లించి, మిగిలిన కాయలు ఏరి కొంగులో కట్టుకొచ్చింది. ఊరివాళ్ళు వేటకు పోవాలని అనుకుంటున్నారని తెలిసి, నన్ను వెంటపెట్టుకుని నేరుగా వేటపెద్దాయన ఇంటికి నడిచింది. వేటను నడిపేది ఆయనే కాబట్టి ఊరంతా ఆయన్ను అట్లా పిలిచేవాళ్ళు. అరుగు మీద మగవాళ్ళు కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు.

"ఆ పంది కడుపులో ఉండేవి నా శెనక్కాయలు. నా పైరు తిని బలిసినదాంట్లో నాకు వాటా లేదంటే ఎట్లప్పా?" అంది మా జేజి, నిలబడే.

"అందరి చేన్లూ తినింది పెద్దమ్మా. మీ ఇంటి నుంచి మనిషో, కుక్కో, కత్తో రావల్ల కదా. కట్టుబాటు నాకోసరం మారుస్తానా, నీకోసరం మారుస్తానా?" అన్నాడు వేటపెద్దాయన. ఆయన చెడ్డవాడేమీ కాదు. మా నాయన పడినప్పుడు బావిలోంచి మోసుకొచ్చింది ఆయనే.

"అయితే కత్తి పంపిస్తా."

అరుగు మీద నవ్వులు. "మీ ఇంట్లో కత్తి యాడిదవ్వా? ఈళపీట ఎత్తుకోనొస్తావా కొండకి?" అన్నాడు ఒక పడుచువాడు. "వాళ్ళ కొడుకు మంచం మీద ఉండాడు, ఈళపీట మీద కూచోని కోసేదెవురో" అన్నాడు ఇంకొకడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎన్నో ఏళ్ళుగా కత్తి వాటా వేటపెద్దాయనదే. ఆయన వేటకొడవలి మోచేతి పొడుగుండేది, పిడికి ఇత్తడి పూలు కొట్టించాడు. పోయిన వేటలో అది ఒక్క వేటుకు తోలుతోపాటు పేగులోకీ దిగింది. పేగులో ఉన్నదంతా మాంసం మీద పడి, ఎన్ని నీళ్ళు పోసి కడిగినా వాసన పోలేదు. తిన్నవాళ్ళు వాంతులు చేసుకున్నారు. పెద్దాయన కదా అని ఎవరూ నోరెత్తలేదు. మా జేజి ఆ రోజు ఎత్తింది.

"పోయినసారి నీ కొడవలి పేగు తెంపి ఊరందర్నీ కక్కించింది. అయినా కత్తి వాటా నువ్వే తిన్న్యావు. నా కత్తి కూడా ఒకసారి చూడండప్పా."

వేటపెద్దాయన వల ముడి బిగించి పక్కన పెట్టాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు. "సరే పెద్దమ్మా. తేపో. మీ కత్తి పేగు తెంపకుండా కోస్తే కత్తి వాటా మీదే. తెంపిందంటే మాత్రం, రేపు నీ కొడుకు లేచి తిరిగినా సరే, ఈ ఊరి వేటలో మీ ఇంటికి ఏ వాటా ఉండదు. ఒప్పుకుంటావా?"

మా జేజి ఒప్పుకుంది. దారిలో నేను అడిగాను, మనకు కత్తి లేదు కదా జేజీ అని. "ఈ పొద్దు లేదు" అంది.

సంత రోజు గుడ్లు పెట్టడం మానేసిన కోడినొకదాన్ని చంకలో పెట్టుకుని, చిన్న సీసాలో ఆముదం పోసుకుని నన్ను ఉరవకొండకు తీసుకుపోయింది. కత్తులమ్మే ఆయన గోనెపట్టా మీద వరసగా పరిచి కూర్చుని ఉన్నాడు. కొడవళ్ళు, మచ్చుకత్తులు, అద్దంలా మెరిసే పొడుగు చాకులు. మా జేజి సీసా మూత తీసి నా కుడి అరచేతిలో ఆముదం పోసింది. ఒక్కో కత్తి నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమనేది. నేను పట్టుకున్నాక ఆమె మొద్దు అంచు వైపు పట్టుకుని లాగేది. నున్నటి కొమ్ము పిడి కత్తి జారి ఆమె చేతికి పోయింది. ఇత్తడి పిడిదీ పోయింది.

"ఏమవ్వా, నా సరుకుకంతా నూనె పూస్తాండావు? కత్తి కొనేకొచ్చినావా, తలంటేకొచ్చినావా?" అని కత్తులాయన గదమాయించాడు.

"నెత్తురు ఇంతకంటే జారుతాది నాయనా. నీ కత్తి నెత్తురు చూస్తాదా, లేకుంటే గూట్లో పెట్టి మొక్కేదానికా?" అంది మా జేజి.

ఆమెకు ఈ పని ఎట్లా తెలుసంటే, వాళ్ళ నాయన ఊళ్ళ వెంట తిరిగి జాతరలకు గొర్రెలు కోసేవాడు. చిన్నతనంలో గొర్రె కాళ్ళు కదలకుండా పట్టుకునేది ఆమే. అన్నీ చూసి చివరకు ఆమె తీసింది నా కంటికి అన్నింటికంటే బీదగా కనిపించిన కత్తిని. చూరకత్తి అంటాం మేము. అలుగు, అంటే కోసే రేకు, నా అరచేతి పొడుగు కూడా లేదు. లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసింది, నల్లగా ఉంది. మొన కొద్దిగా పైకి వంగి ఉంది. పిడి తుమ్మచెక్క, దానికి అడ్డంగా గాట్లు. నా ఆముదం చేతిలోంచి అదొక్కటే జారలేదు. పొడుగు కత్తి కొనమని నేను కొంగు లాగితే ఆమె విసుక్కుంది. కడుపు కోసేటప్పుడు అలుగు లోపల ఉంటుందనీ, పొడుగైనదాని మొన ఎక్కడుందో చేతికి తెలియదనీ, చూపుడువేలు చాపితే మొన అందే కత్తి అయితేనే తెలుస్తుందనీ చెప్పింది. మరీ పలచటి అలుగైతే ఎముక తగిలి వంగుతుంది. మరీ మందమైతే తోలు చీలదు, చిరుగుతుంది. గోటి మీద ఆనించి చూసింది. జారకుండా కరిచింది. కోడినిచ్చి కత్తి తీసుకుంది. పైన ఇంకేమైనా వేయమని కత్తులాయన అడిగితే, కోడి కాళ్ళకు కట్టిన తాడు కూడా విప్పి తనే తెచ్చుకుంది.

మొన్న మా మనవడు ఫోనులో కత్తులు చూపించాడు. వీపున రంపం పళ్ళున్నవి, మొనకు కొక్కెం ఉన్నవి, పెద్ద జంతువులను కోయడానికేనట. ఏది మంచిదో చెప్పు అవ్వా అని నన్ను ఆట పట్టించాడు. ఆముదం పూసి పట్టుకోకుండా నేను ఏ కత్తి గురించీ చెప్పను అన్నాను. వాడు నవ్వాడు. నవ్వుకోనీ.

సంత నుంచి వస్తూ, అమ్ముడుపోక పారబోసిన మెత్తబడ్డ దోసకాయలు ఏరుకొచ్చింది జేజి. ఇంట్లో ఒక్కో కాయకు తడిగుడ్డ చుట్టేది. గుడ్డకు చిన్న గాటు పెట్టి, ఎడమచేతి రెండు వేళ్ళు అందులోంచి లోపలికి పెట్టి గుడ్డను పైకెత్తి, కత్తి అంచు ఆకాశం వైపు తిప్పి, ఆ రెండు వేళ్ళ నడుమ నడిపించి గుడ్డను చీల్చాలి. దోసకాయ మీద గీత పడకూడదు. నా చేతే చేయించింది. కత్తి పదును చూస్తున్నాం అనేది. తన వేళ్ళు నొస్తున్నాయి, నువ్వు చూడు అనేది. గీత పడిన దోసకాయ ఆ పూట పప్పులోకి పోయేది. వేట దాకా మేము దోసకాయ పప్పే తిన్నాం. మా నాయన మంచంలోంచి, ఇంకెన్ని దినాలు కోస్తావే అని మొత్తుకునేవాడు. రానురాను పప్పులో ముక్కలు తగ్గాయి.

వేట రోజు మగవాళ్ళు వలలు, బల్లేలు, కుక్కలతో గుట్టల వైపు పోయారు. మేమిద్దరం నీళ్ళ కుండ ఎత్తుకుని దూరంగా వెనకాలే నడిచాం. ఆడవాళ్ళు వేట వెంట పోయే అలవాటు లేదు. ఎవరో వెనక్కి తిరిగి చూసి ఏదో అన్నారు, మా జేజి వినిపించుకోలేదు. మిట్టమధ్యాహ్నానికి ఎండిన వంకలో పందిని పడగొట్టారు. పెద్ద మగపంది, మా నాయన మంచం నిండా పట్టేటంత. నీళ్ళు దూరం, నీడ లేదు. ఆ ఎండలో వెంటనే కడుపు కోసి పేగులు తీయకపోతే ఉబ్బి మాంసం పాడవుతుంది. కట్టెకు కట్టి ఊరికి మోసి, గడ్డి మంటలో వెంట్రుకలు కాల్చడం తరువాతి పని.

"కత్తి తెచ్చినావా పెద్దమ్మా?" అని వేటపెద్దాయన పక్కకు జరిగాడు.

మా జేజి రొండిలోంచి చూరకత్తి తీసింది. తీసి నా చేతిలో పెట్టింది.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తరువాత అంతా ఒక్కసారే అర్థమైంది. ఆముదం నా చేతికే ఎందుకు పోసిందో, దోసకాయలు నా చేతే ఎందుకు కోయించిందో. ఆ వంకర వేళ్ళు పంది కడుపులో దూరవని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. కత్తిని ఎంచింది తన చేతి కోసం కాదు.

మగవాళ్ళు గొడవ మొదలుపెట్టారు. "ఆటలాడుతాండావా అవ్వా?" అన్నారు. ఆడపిల్ల కోస్తే ఇంకో వేటకు పంది పడదన్నాడు ఒక ముసలాయన. "పడేది ఎందుకప్పా, ఈ దిక్కే రాకపోతే ఇంకా మంచిది. నా చేను మిగుల్తాది" అంది మా జేజి. వేటపెద్దాయన చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"చూడు పెద్దమ్మా. కత్తి అంటే కత్తి పట్టే మగోడని అర్థం. అందరికీ తెలిసిందే."

"అర్థం నువ్వు చెప్తాండావు. కట్టుబాటు పెట్టింది మీ నాయన. ఆ పొద్దు నేనూ ఉండా ఆడ. కత్తి అన్న్యాడు. మీసం అన్లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. వేటపెద్దాయన పందిని చూశాడు, ఎండను చూశాడు, నన్ను చూశాడు. ఆయన భయమూ నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఊరంతా ఎదురుచూసే మాంసం అది. "చెప్పిన మాట గుర్తుంది కదా" అని మాత్రం అన్నాడు. నలుగురు పందిని వెల్లకిలా తిప్పి కాళ్ళు పట్టుకున్నారు.

మా జేజి భుజం తట్టలేదు, భయపడొద్దని చెప్పలేదు. "చెయ్యి చూసుకో. మొగాలు చూడాకు" అంది.

రొమ్ము ఎముక కింద తోలు చిటికెతో పైకెత్తి చిన్న గాటు పెట్టాను. రెండు వేళ్ళు లోపలికి పోయాయి. లోపల అంత వేడిగా ఉంటుందని నేను అనుకోలేదు. తోలును పైకెత్తి, అంచు ఆకాశం వైపు తిప్పి కత్తిని నడిపాను. తోలు గుడ్డ చీలినట్టే చీలింది. చెయ్యంతా నెత్తురు, కొవ్వు. పిడి మాత్రం గాట్ల దగ్గర నా చేతిని వదల్లేదు. బొడ్డు దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆగిపోయింది. అక్కడ కొవ్వు మందంగా ఉంది, కింద నుంచి పేగు ఉబ్బి నా వేళ్ళను పైకి నెడుతోంది. బలంగా తోస్తే ముందుకు పోయేది, కానీ మొన ఎటు పోతుందో తెలియదు. నేను ఆగిపోయాను.

"ఇట్లీ పాపా, నేను కోస్తా" అని ఈళపీట మాట అన్న పడుచువాడు చెయ్యి చాపాడు. మా జేజి చేతికర్ర అడ్డం వచ్చింది.

"చెయ్యి తీ నాయనా. కత్తి దాని చేతిలో ఉండాది."

"తెంపుతాది అవ్వా."

"తెంపితే మా వాటా పోతాది. నీదేం పోతాది?"

కత్తిని తోయకూడదు, వేళ్ళను దించాలి. దోసకాయల దగ్గర చెయ్యి నేర్చుకున్నది అదే, నేను ఆలోచించింది ఏమీ లేదు. రెండు వేళ్ళతో పేగును కిందికి అదిమి, ఖాళీ దొరికాక కత్తిని కొద్దికొద్దిగా కదిపాను. కొవ్వు విడిపోయింది. ఆ తరువాత చివరి దాకా ఎక్కడా ఆగలేదు. కాళ్ళు పట్టుకున్నవాళ్ళు పందిని పక్కకు ఒరగదీస్తే, పేగులన్నీ ఒక్క ముద్దగా, ఎక్కడా చిల్లు లేకుండా ఆకుల మీదికి జారాయి. ముసలాయన వంగి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. వెనక్కి జరిగాడు. తరువాత కుక్కలకని దూరంగా తీసుకుపోయి పొట్ట కోస్తే అందులో నమిలిన శెనక్కాయలు బయటపడ్డాయి. మా జేజి చూసి, "నావే" అంది.

సాయంత్రం ఊళ్ళో వాటాలు వేశారు. ఆముదం ఆకులు పరిచి, ఒక్కో ఇంటి పేరు పిలిచి పెట్టారు. మా వంతు వచ్చేసరికి వేటపెద్దాయన మా నాయన పేరు పిలిచాడు. తొడా కార్జమూ ఆకుల్లో చుట్టి, "ఇదిగో పెద్దమ్మా, నీ కొడుకుది కత్తి వాటా" అని మా జేజి ముందు చాపాడు. మాట తప్పలేదు ఆయన. ఇంకొకరైతే సంతోషంగా తీసుకుని ఇంటికి పోయేవాళ్ళు. పొద్దున్నుంచీ మేము ఏమీ తినలేదు. మా జేజి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"కోసింది నా కొడుకు కాదు. నేనూ కాదు."

"పోయేది మీ ఇంటికే కదా. ఎవరి చేతికిస్తే ఏముంది పెద్దమ్మా?"

"ఏమీ లేదు కదా. అయితే దాని చేతికే ఇయ్యి."

జనమంతా చూస్తున్నారు. వేటపెద్దాయన చేతులు చాపినట్టే ఉన్నాయి, మా జేజి చేతులు వెనకే ఉన్నాయి. మా అమ్మ గుంపులోంచి కంగారుగా సైగ చేసింది, తీసుకోమని. ఇట్లాంటి పిల్లను రేపు ఎవరు పెళ్ళి చేసుకుంటారని ఆమె దిగులు. మా జేజి కదల్లేదు. మాంసం బరువుకు ఆయన చేతులు కొద్దిగా కిందికి దిగాయి. చివరకు ఆయన ఇటు తిరిగి, వంగి, నా చేతుల్లో పెట్టాడు. "బరువుంటాది, పట్టుకో పాపా" అన్నాడు. ఎగతాళిగా కాదు.

నిజంగానే బరువుంది. వీధి పొడుగునా నేనే మోసుకుపోయాను. నెత్తురు మోచేతుల దాకా కారింది. నేను పట్టుకుంటానే అని అమ్మ వచ్చినా మా జేజి పట్టుకోనివ్వలేదు. ఇంటికి పోయాక సంగతంతా విని మా నాయన, "నా పేరు పిలిస్తే వద్దన్న్యావా?" అని మొహం ముడుచుకున్నాడు. కూర ఉడికాక రెండుసార్లు వేయించుకుని తిన్నాడు.

కత్తి ఎట్లా ఎంచాలో ఆమె నాకు నేర్పింది. ఆ విద్య నాకు మళ్ళీ పెద్దగా పనికిరాలేదు. గొర్రెలు కోయడానికి వేరేవాళ్ళు ఉండేవాళ్ళు. పనికొచ్చింది రెండో సంగతి. పెళ్ళయి వచ్చాక మేమిద్దరం ఒకే చేలో కళ్ళం పనికి పోయేవాళ్ళం. పని చూసే ఆసామి సాయంత్రం నా కూలి కూడా మా ఆయన చేతికే ఇవ్వబోయాడు. మా ఆయన మంచివాడే, పైసా దాచుకునే మనిషి కాదు. అయినా నేను గట్టు దిగలేదు. అందరూ పోయినా నిలబడ్డాను, చీకటి పడుతున్నా నిలబడ్డాను, మా ఆయనకు తలకొట్టేసినట్టయింది, అయినా నిలబడ్డాను. మరుసటి వారం నుంచి ఆ చేలో ఆడవాళ్ళ కూలి ఆడవాళ్ళ చేతికే వచ్చింది. అప్పుడు నన్ను తిట్టినవాళ్ళూ చేతులు చాపి తీసుకున్నారు.

ఇప్పుడు నా గొర్రెపిల్లలను కొనడానికి వచ్చేవాళ్ళు మా కొడుకుతో బేరమాడి, వాడి చేతిలో పెట్టి పోబోతారు. ముసలిదానికి ఎందుకు, ఇంట్లో ఇస్తాడులే అంటారు. ఆ గొర్రెలను ఎండలో తిప్పింది నేను. మోకాళ్ళు నొస్తాయి, కళ్ళు సరిగా ఆనవు, మాటలు తగ్గించుకోమని కోడలు చెబుతూనే ఉంటుంది. నేను వాకిట్లో చెయ్యి చాపి నిలబడతాను. నా చేతిలో పడేదాకా వాళ్ళ బండికి దారి ఇవ్వను.